ఇంటెలా... ఏఎండీయా... ఏది కొందాం?

ఇంజినీరింగ్ సీటు ఖాయమయ్యాక చాలా ఇళ్లలో మొదలయ్యే చర్చ కంప్యూటర్ గురించే. హాస్టల్‌కి వెళ్లే పిల్లలు ల్యాప్‌టాప్ కొంటారు. ఇంట్లో ఉండి చదివేవాళ్లు, ఫొటో స్టూడియో నడిపేవాళ్లు, వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు, ఆటలంటే ప్రాణమిచ్చేవాళ్లు డెస్క్‌టాప్ వైపు మొగ్గుతారు. పెట్టిన డబ్బుకు ఎక్కువ వేగం వస్తుంది. కావాల్సిన భాగం మార్చుకోవచ్చు. పాడైతే విప్పి బాగు చేయించుకోవచ్చు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీగా అందరికీ తెలిసిన చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లినా, సొంత ఊళ్లోని చిన్న షాపులో అడిగినా ఎదురయ్యే తొలి ప్రశ్న ఒకటే: ‘ప్రాసెసర్ ఇంటెల్ వేయమంటారా, ఏఎండీ వేయమంటారా?’

దీనికి మనం చెప్పే జవాబు చాలాసార్లు ఎవరో అనగా విన్నదే. ‘ఏఎండీ వేడెక్కుతుందండీ’ అంటారొకరు. ‘ఇంటెల్ పనైపోయింది అన్నా’ అంటారు మరొకరు. ఈ మాటలు ఏదో ఒక కాలంలో, ఏదో ఒక మోడల్ విషయంలో నిజమే. కాలం మారినా మాటలు అలాగే ఉండిపోయాయి. యాభై ఏళ్లకు పైబడిన ఈ పోటీలో ఏ కంపెనీ కూడా ఎల్లకాలం ముందు లేదు. పోటీ గట్టిగా సాగిన ప్రతిసారీ లాభపడింది మాత్రం కొనుగోలుదారే. అందుకే కంపెనీ పేరు మీద అభిమానం పెంచుకోకుండా, మన పనికి ఏది సరిపోతుందో లెక్క చూసుకుని కొనాలి.

ఒకే గూటి నుంచి...

1968 జులైలో రాబర్ట్ నాయిస్, గోర్డన్ మూర్ కలిసి ఇంటెల్‌ని స్థాపించారు. 1969 మేలో జెర్రీ శాండర్స్ మరో ఏడుగురితో కలిసి ఏఎండీ మొదలుపెట్టారు. నాయిస్, మూర్, శాండర్స్ ముగ్గురూ ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్‌లో పనిచేసి బయటికొచ్చినవాళ్లే.

1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌లో ఇంటెల్ 8088 చిప్ వాడింది. ఒక్క కంపెనీ మీదే ఆధారపడటం ఇష్టంలేక, అవే చిప్‌లు చేసిపెట్టే రెండో సరఫరాదారు ఉండాలంది. అలా 1982లో ఇంటెల్, ఏఎండీల మధ్య ఒప్పందం కుదిరింది. 386 చిప్ వచ్చేసరికి ఆ డిజైన్ ఇచ్చేందుకు ఇంటెల్ ఒప్పుకోలేదు. మధ్యవర్తిత్వం, కోర్టుల దాకా వెళ్లిన ఆ తగాదా 1995లో గానీ సద్దుమణగలేదు. ఈలోగా 1991లోనే ఏఎండీ సొంతంగా తయారుచేసిన 386 మార్కెట్లోకి వచ్చేసింది.

ఈ కథలో మన దేశస్థుడి పాత్ర చిన్నదేం కాదు. పుణెలో పుట్టిన వినోద్ ధామ్ 1993లో విడుదలైన పెంటియమ్ రూపకల్పనకు నాయకత్వం వహించి ‘పెంటియమ్ పితామహుడు’ అనిపించుకున్నారు. తర్వాత ఇంటెల్‌ని వదిలి నెక్స్‌జెన్‌లో చేరారు. ఆ సంస్థను ఏఎండీ కొనేసింది. అక్కడి డిజైన్ నుంచే 1997లో పెంటియమ్‌కి పోటీగా ఏఎండీ కే6 వచ్చింది. ఈ రోజు రెండు కంపెనీలకూ హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. మన పిల్లలు అటూ ఇటూ కూడా పనిచేస్తున్నారు.

ఆధిక్యం చేతులు మారుతూనే వచ్చింది. 2000 మార్చిలో ఒక గిగాహెర్ట్జ్ వేగాన్ని ముందుగా దాటింది ఏఎండీ అథ్లాన్. 2003లో ఏఎండీ తెచ్చిన 64 బిట్ పద్ధతినే ఆ తర్వాత ఇంటెల్ కూడా స్వీకరించింది. 2006లో కోర్ 2 డుయోతో ఇంటెల్ ముందుకు దూకింది. 2011లో వచ్చిన ఏఎండీ బుల్డోజర్ చిప్‌లు నిరాశపరిచాయి. ‘వేడెక్కుతుంది, కరెంటు తాగుతుంది’ అన్న మాట మన బజార్లలో పాతుకుపోయింది ఆ రోజుల్లోనే. 2015లో ఏఎండీ షేరు 2 డాలర్ల దిగువకు పడిపోయింది. 2014లో పగ్గాలు చేపట్టిన లిసా సు హయాంలో, 2017లో వచ్చిన రైజెన్ చిప్‌లతో కంపెనీ మళ్లీ లేచి నిలబడింది.

పోటీ ఏం చేసింది?

పోటీ లేనప్పుడు ఏం జరుగుతుందో రైజెన్ రాకముందు కాలమే చూపించింది. దాదాపు పదేళ్లపాటు సాధారణ డెస్క్‌టాప్ తరగతిలో ఇంటెల్ ఇచ్చింది గరిష్ఠంగా నాలుగు కోర్లే. 2017 మొదట్లో నాలుగు కోర్ల ఐ7-7700కె ధర 339 డాలర్లు. అదే ఏడాది మార్చిలో ఏఎండీ ఎనిమిది కోర్ల రైజెన్ 7 1700ని 329 డాలర్లకు పెట్టింది. ఆ అక్టోబరుకల్లా ఇంటెల్ దిగొచ్చింది. జనవరిలో 117 డాలర్లకు రెండు కోర్లతో అమ్మిన ఐ3 స్థానంలో, అదే ధరకు నాలుగు కోర్ల ఐ3-8100ని తెచ్చింది. పది నెలల్లో కోర్లు రెట్టింపయ్యాయి, ధర మారలేదు.

పైచేయి దొరికినప్పుడు ఏఎండీ కూడా అలాగే ప్రవర్తించింది. 2019లో ఆరు కోర్ల రైజెన్ 5 3600 ధర 199 డాలర్లు. 2020 నవంబరులో వేగంలో పైచేయి సాధించాక, కొత్త తరంలో అతి చవకైన 5600ఎక్స్ ధరనే 299 డాలర్లుగా పెట్టింది. 2022 జనవరిలో ఇంటెల్ ఆరు కోర్ల ఐ5-12400ని 192 డాలర్లకు దించింది. మూడు నెలలకే ఏఎండీ 199 డాలర్లకు 5600ని తీసుకొచ్చింది.

ముందున్న కంపెనీ ఎక్కువ వసూలు చేసింది, వెనకబడిన కంపెనీ ధర తగ్గించింది. రెండు వైపులా ఇదే తంతు. కాబట్టి ‘మా ఇంట్లో ఎప్పుడూ ఇంటెలే’ అనో, ‘నేను ఏఎండీ మనిషిని’ అనో అనుకునేవాళ్లు ఏదో ఒక రోజు ఎక్కువ చెల్లించక తప్పదు.

లోపల ఏముంటుంది?

ప్రాసెసర్ గురించి షాపులో వినిపించే మాటలు నాలుగు: కోర్లు, థ్రెడ్లు, గిగాహెర్ట్జ్, క్యాష్.

కోర్ అంటే స్వతంత్రంగా లెక్కలు చేయగలిగే విభాగం. ఆరు కోర్లుంటే ఆరు పనులు నిజంగా ఒకేసారి నడుస్తాయి. ఒకే కోర్ రెండు పనుల వరుసలను అందుకోగలిగితే వాటిని థ్రెడ్లు అంటాం. గిగాహెర్ట్జ్ గడియార వేగం. తరాలు మారితే దీన్ని పోల్చి లాభం లేదు. కొత్త తరం కోర్ ఆ గడియారం ఒక్కో టిక్కుకు ఎక్కువ పని చేస్తుంది కాబట్టి, అదే గిగాహెర్ట్జ్ ఉన్న పాతదాని కన్నా చాలా ముందుంటుంది. క్యాష్ అంటే చిప్‌లోనే ఉండే చిన్న, అతి వేగమైన జ్ఞాపకశక్తి. పొయ్యి పక్కనే పోపుల డబ్బా ఉంటే వంట ఆగకుండా సాగుతుంది, ప్రతిదానికీ కొట్టుగదిలోకి వెళ్లాలంటే ఆలస్యమవుతుంది. క్యాష్ ఆ పోపుల డబ్బా, ర్యామ్ కొట్టుగది. ఏఎండీ 2022 నుంచి కొన్ని చిప్‌ల మీద మరో పొరగా 64 ఎంబీ క్యాష్‌ను అదనంగా అమర్చింది. మోడల్ చివర ‘ఎక్స్3డి’ అని ఉండేవి అవే. ఆటల్లో వాటికి అంత పేరు రావడానికి కారణం ఇదే.

ఇంటెల్ మరో దారి పట్టింది. 2021లో వచ్చిన 12వ తరం నుంచి చాలా చిప్‌లలో పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిపి ఇస్తోంది. బరువు పనులు పెద్దవాటికి, వెనకాల నడిచేవి చిన్నవాటికి. ఐ5-14600కెలో 14 కోర్లంటే ఆరు పెద్దవి, ఎనిమిది చిన్నవి. ఏఎండీ ఎనిమిది కోర్లను ఇంటెల్ పద్నాలుగు కోర్లతో అంకె చూసి పోల్చకూడదు.

నంబరు చదవడం నేర్చుకుందాం

‘ఐ7 ఉంది సార్, చవగ్గా ఇచ్చేస్తా’ అన్న మాటకు చాలామంది పడిపోతారు. ఐ3, ఐ5, ఐ7 అన్నవి ఆ తరంలోని తరగతులు మాత్రమే. అసలు సంగతి వెనకున్న నంబరులో ఉంటుంది. ఐ5-12400లో ‘12’ తరం, ‘400’ ఆ తరంలో స్థాయి. 2011 నాటి ఐ7-2600లో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 2022లో వచ్చిన ఐ3-12100లోనూ అవే నాలుగు, ఎనిమిది. వేగంలో మాత్రం ఆ కొత్త ఐ3 ముందు పాత ఐ7 నిలవలేదు.

రీఫర్బిష్డ్ పేరుతో పాత ఆఫీసు కంప్యూటర్లు కొనేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. విండోస్ 10కి ఉచిత సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే సుమారుగా ఇంటెల్‌లో 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 శ్రేణి లేదా ఆ పైది ఉండాలి. నాలుగో తరం ఐ7 ఎంత మెరిసినా ఆ జాబితాలో లేదు.

చివరి అక్షరాన్నీ వదలొద్దు. ఇంటెల్‌లో ‘కె’ ఉంటే వేగం పెంచుకునే వీలుంటుంది, పెట్టెలో ఫ్యాన్ రాదు. ‘ఎఫ్’ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు కొనకపోతే తెర మీద బొమ్మే రాదు. ఏఎండీలో ‘జి’ ఉంటే బలమైన గ్రాఫిక్స్ చిప్‌లోనే ఉంటుంది. రైజెన్ 5000 శ్రేణిలో ‘జి’ లేని డెస్క్‌టాప్ చిప్‌లకు గ్రాఫిక్స్ ఉండదు. 7000 శ్రేణి నుంచి ‘ఎఫ్’ లేని వాటిలో కనీస గ్రాఫిక్స్ ఇస్తున్నారు.

ఎవరికి ఏది?

ఇంటి వాడకం, ఆన్‌లైన్ పాఠాలు, దుకాణం లెక్కలు: ట్యాలీ, ఎక్సెల్, బ్రౌజర్, వీడియోలకు కొత్త తరం ఐ3 అయినా, చిన్న రైజెన్ అయినా చాలు. ఇక్కడ కంపెనీ తేడా కంటికి కనిపించదు. పాత హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ ఉంటే, 8 జీబీ బదులు 16 జీబీ ర్యామ్ ఉంటే మాత్రం తేడా మొదటి రోజే తెలుస్తుంది.

డీటీపీ, పెళ్లి ఆల్బమ్‌లు: అను స్క్రిప్ట్‌తో పేజీలు కట్టేవాళ్లకు ఏ కొత్త చిప్ అయినా ఎక్కువే. ఫొటోషాప్‌లో పెద్ద ఆల్బమ్ షీట్లు చేసేవాళ్లకు ఒక్కో కోర్ వేగం, ర్యామ్ ముఖ్యం. చిప్‌లో ఐ5, రైజెన్ 5 స్థాయి దగ్గర ఆగి, మిగిలిన డబ్బు 32 జీబీ ర్యామ్‌కి, రంగులు సరిగా చూపే మానిటర్‌కి పెట్టడం మేలు.

వీడియో ఎడిటింగ్: ఇక్కడ ఇంటెల్‌కి ఒక స్పష్టమైన అనుకూలత ఉంది. పెళ్లిళ్లు తీసే కొత్త కెమెరాలు చాలావరకు హెచ్.265లో 10 బిట్, 4:2:2 పద్ధతిలో రికార్డు చేస్తాయి. ఆ ఫైళ్లను టైమ్‌లైన్ మీద ఆగకుండా నడిపే ‘క్విక్ సింక్’ వసతి ఇంటెల్ చిప్‌లోని గ్రాఫిక్స్‌లో ఉంది. అది కావాలంటే ‘ఎఫ్’ లేని చిప్ కొనాలి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంది కదా అని ‘ఎఫ్’ తీసుకుంటే, ఆ కార్డు కూడా 4:2:2ని నడపగలిగేది కాకపోతే ఆ వసతి పోయినట్టే.

ఆటలు: ఖర్చు దండిగా పెట్టగలిగితే రైజెన్ 7 7800ఎక్స్3డి, 9800ఎక్స్3డి లాంటివాటిదే పైచేయి. మధ్యతరగతి బడ్జెట్‌లో మాత్రం ప్రాసెసర్ కన్నా గ్రాఫిక్స్ కార్డుకే పెద్ద వాటా దక్కాలి. కార్డు కొనే స్తోమత ఇప్పుడు లేదంటే రైజెన్ 5 5600జి, 8600జి లాంటివి మంచి దారి. వాటి గ్రాఫిక్స్ అదే స్థాయి ఐ5లో ఉండే దానికన్నా బలమైనది.

ఇంజినీరింగ్ చదువు, కోడింగ్: ఆరు కోర్లు, 16 జీబీ ర్యామ్ మొదటి మెట్టు. ఆండ్రాయిడ్ స్టూడియో ఎమ్యులేటర్‌కి కావాల్సిన వర్చువలైజేషన్ రెండింటిలోనూ ఉంది. మదర్‌బోర్డులో ఉండే బయోస్ సెట్టింగుల్లో అది ఆన్ చేసి ఉందో లేదో చూసుకుంటే చాలు. ఏఐ మోడళ్లు నేర్చుకోవాలనుకునేవాళ్లకు ప్రాసెసర్ కంపెనీ కన్నా, ‘కుడా’ (CUDA) సాఫ్ట్‌వేర్ నడిచే ఎన్‌విడియా కార్డు ముఖ్యం.

రేపటి సంగతి బోర్డులో ఉంది

ప్రాసెసర్‌తోపాటు మనం ఒక మదర్‌బోర్డుకీ కట్టుబడతాం. రేపు చిప్ ఒక్కటే మార్చుకోవచ్చా, బోర్డు కూడా పారేయాలా అన్నది దాని సాకెట్ తేలుస్తుంది. ఈ విషయంలో ఏఎండీ చరిత్ర మెరుగు. 2017లో ఏఎం4 బోర్డు కొన్నవాళ్లలో చాలామంది బయోస్ అప్‌డేట్ చేసుకుని 2022 నాటి 5800ఎక్స్3డి వేసుకోగలిగారు. ఇంటెల్ 2020లో ఒక సాకెట్, 2021లో మరొకటి, 2024లో ఇంకొకటి తెచ్చింది. ఏఎండీ ప్రస్తుత సాకెట్ ఏఎం5కి 2027 వరకైనా మద్దతు ఉంటుందని కంపెనీ మాటిచ్చింది. మూడేళ్ల తర్వాత చిప్ మార్చుకోవాలనుకునేవాళ్లు ఏఎం5 వైపు చూడాలి. కొన్నది పాడయ్యేదాకా అలాగే వాడేవాళ్లకు సాకెట్ గొడవ అక్కర్లేదు.

ర్యామ్ సంగతీ దీంతోనే ముడిపడి ఉంది. ఏఎం5కి డీడీఆర్5 మాత్రమే పనిచేస్తుంది. ఇంటెల్ 12, 13, 14 తరాలకు డీడీఆర్4 బోర్డులు, డీడీఆర్5 బోర్డులు రెండూ ఉన్నాయి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అందుకే చిప్ ధర ఒక్కటీ చూడకుండా చిప్, బోర్డు, ర్యామ్ మూడూ కలిపి రెండు కంపెనీలకూ విడివిడిగా కొటేషన్ వేయించుకోండి. చిప్‌లో మిగిలిన వెయ్యి ర్యామ్‌లో పోవచ్చు.

వేడి, కరెంటు

రెంటచింతలలో, రామగుండంలో మే నెల ఎండ తెలిసినవాళ్లకు వేడి గురించి చెప్పక్కర్లేదు. ప్రాసెసర్ ఉష్ణోగ్రత సుమారు 90 నుంచి 100 డిగ్రీల దాకా వెళ్తే అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. గదే మండిపోతుంటే ఆ హద్దు త్వరగా వస్తుంది.

ఒకప్పుడు ఏఎండీకి అంటిన మచ్చ ఇప్పుడు ఇంటెల్ పైస్థాయి చిప్‌లకు మారింది. ఐ9-14900కె పూర్తి జోరు మీద 253 వాట్ల దాకా తీసుకోగలదు. రైజెన్ 7 7800ఎక్స్3డి ఆటల్లో వంద వాట్లు కూడా దాటదు. అలాగని ఇంటెల్ అంతా వేడే అనుకోవద్దు. ఐ5-12400 గరిష్ఠంగా 117 వాట్ల దగ్గర ఆగుతుంది, పెట్టెలో వచ్చిన ఫ్యానే దానికి సరిపోతుంది. కరెంటు పోయినప్పుడు ఆదుకునే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే. పెద్ద చిప్, పెద్ద కార్డు కలిస్తే అది నిలవదు. యూపీఎస్ ఖర్చూ లెక్కలో వేసుకోవాలి.

ఇద్దరి మీదా మరకలున్నాయి

ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లలో కొన్నింటికి అవసరానికి మించిన వోల్టేజీ అంది, కాలక్రమంలో అస్థిరంగా మారి, కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోయే సమస్య వచ్చింది. 2024 ఆగస్టులో దీనికి మైక్రోకోడ్ సవరణ విడుదల చేసిన ఇంటెల్, ప్రభావితమైన మోడళ్లకు వారంటీని మరో రెండేళ్లు పెంచింది. ఏఎండీలోనూ 2023లో రైజెన్ 7000 ఎక్స్3డి చిప్‌లు కొన్ని వోల్టేజీ ఎక్కువై కాలిపోయాయి. బోర్డుల బయోస్‌లో హద్దు విధించాక అది అదుపులోకి వచ్చింది. రెండింటికీ ముందుజాగ్రత్త ఒకటే: కొత్త బయోస్. కంప్యూటర్ బిగించిన రోజే ‘బయోస్ అప్‌డేట్ చేసివ్వండి’ అని అడగండి. సెకండ్ హ్యాండ్‌లో 13, 14 తరాల ఐ7, ఐ9 లాంటి పెద్ద మోడళ్ల జోలికి పోకపోవడమే మంచిది. అవి ముందు ఏ బయోస్ మీద ఎంతకాలం నడిచాయో మనకు తెలియదు.

షాపులో ఈ జాగ్రత్తలు

* కొటేషన్‌లో ‘ఐ5 ప్రాసెసర్’ అని రాస్తే ఒప్పుకోవద్దు. చివరి అక్షరంతో సహా పూర్తి మోడల్ నంబరు రాయించుకోండి. మదర్‌బోర్డు, పవర్ సప్లై, ఎస్‌ఎస్‌డీలకూ అంతే.

* సీలు వేసిన పెట్టెలో వచ్చిన చిప్‌కి రెండు కంపెనీలూ సాధారణంగా మూడేళ్ల వారంటీ ఇస్తాయి. పెట్టె లేకుండా ఇచ్చే ‘ట్రే’ చిప్ అయితే వారంటీ ఎవరిస్తారో, ఎన్నాళ్లో బిల్లు మీద రాయించుకోండి.

* ర్యామ్ ఒకే పెద్ద స్టిక్‌గా కాకుండా రెండుగా వేయించుకోండి. చిప్‌లోని గ్రాఫిక్స్ మీదే ఆధారపడేవాళ్లకు దీనివల్ల వేగం బాగా పెరుగుతుంది.

* ఇంటికి తెచ్చాక టాస్క్ మేనేజర్‌లో గానీ, సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో గానీ ప్రాసెసర్ పేరు చూసి బిల్లుతో సరిచూసుకోండి.

* జీఎస్టీ బిల్లు తప్పక తీసుకోండి. పన్ను మిగులుతుందని చిత్తు కాగితం మీద రాయించుకుంటే వారంటీ అడిగే ఆధారం పోతుంది. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

చివరిగా...

రాబోయే నాలుగేళ్లు మీరు ఆ యంత్రంతో చేయబోయే పని ఏమిటో ముందు కాగితం మీద రాసుకోండి. వీడియో ఎడిటింగే బతుకుతెరువైతే గ్రాఫిక్స్ ఉన్న ఇంటెల్ తీసుకోండి. ఆటలే ప్రధానమైతే, లేదా రేపు చిప్ మార్చుకునే ఆలోచన ఉంటే ఏఎండీ ఏఎం5 తీసుకోండి. మిగతా పనులన్నింటికీ మీరు కొనే రోజున చిప్, బోర్డు, ర్యామ్ కలిపి ఎవరిది తక్కువకు వస్తే వారిదే కొనండి. మిగిలిన డబ్బు ఎస్‌ఎస్‌డీ మీద, ర్యామ్ మీద పెట్టండి. వచ్చేసారి కంప్యూటర్ కొనే రోజున ఈ లెక్కంతా మళ్లీ మొదటినుంచి వేయండి. అప్పటికి ముందున్నది ఎవరో ఇప్పుడు ఏ షాపువాడూ చెప్పలేడు.